నలభై రెండేళ్ళకి తెల్ల బెల్టు

నేను కరాటేలో చేరడానికి కారణం గుడ్డ కత్తిరించడంలో చేసిన ఒక పొరపాటు.

అరకులో మా ఇంటి ముందుగదే నా కుట్టు షాపు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ కూర్చుని జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. మా వీధి చివర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల ఉంది. ఆ ఏడు వేసవి సెలవులయ్యాక అక్కడ పిల్లలకి కరాటే మొదలుపెడుతున్నామని, పదిహేనుమందికి, అదనంగా ఇంకొకటి కలిపి పదహారు జతల తెల్ల డ్రెస్సులు కావాలని చెప్పారు. పదిహేను చక్కగా వచ్చాయి. పదహారోదాన్ని మా చెల్లితో ఫోన్లో మాట్లాడుతూ కత్తిరించాను. దాని ఆడపడుచు పెళ్ళి కబుర్లలో పడి కొలతలు ఎటో పోయాయి. కుట్టడం అయ్యాక ఎత్తి చూస్తే, ఆ బడిపిల్లలు ఇద్దరు దూరేంత ఉంది.

గుడ్డ పాడైపోయిందన్న బాధ ఒక పక్క, ఇది అసలు ఎవరికి సరిపోతుందో చూద్దామన్న కుతూహలం ఒక పక్క. షాపులో ఎవరూ లేరు కదా అని నైటీ మీదే ఆ ప్యాంటూ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే కరాటే నేర్పే మేడం డ్రెస్సుల కోసం లోపలికి వచ్చింది.

ఆవిడది అనంతగిరి పక్కన కొండ మీది ఊరు. వాళ్ళ వాళ్ళు కాఫీ పండిస్తారు. చిన్నప్పుడే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొచ్చి, నల్ల బెల్టుతో తిరిగొచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. నా భుజం దాకా వస్తుంది. నడిస్తే అడుగు చప్పుడు వినపడదు, అందుకే ఆవిడ వచ్చినట్టు నాకు తెలియలేదు. నేను సిగ్గుతో చచ్చిపోతూ చొక్కా విప్పబోయాను. ఆవిడ మాత్రం నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నవ్వు మొహం కూడా పెట్టకుండా అంది:

"మీకు సరిగ్గా సరిపోయింది కదక్కా. రేపు ఐదున్నరకి గ్రౌండుకి వచ్చేయండి."

తమాషాకి అంటోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పదిహేను డ్రెస్సులు సంచీలో సర్దుకుని, పదహారోది నా ఒంటి మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా మిషన్ ముందు కూర్చున్నానే గానీ ఒక్క కుట్టు తిన్నగా పడలేదు. మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. ఇంట్లో నేనే పెద్దదాన్ని. నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను చంకలో తమ్ముణ్ణి వేసుకుని గట్టు మీద నిలబడి చూసేదాన్ని. పదేళ్ళకే కుట్టు నేర్చుకున్నాను. మా చెల్లెళ్ళనీ తమ్ముణ్ణీ ఆటకి పిలిచారు గానీ, ఆటకి రమ్మని నన్ను పిలిచినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. నలభై రెండేళ్ళకి పిలుపొచ్చింది. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

మా ఆయన జీపు నడుపుతాడు, టూరిస్టుల్ని జలపాతాలకి తిప్పుతుంటాడు. ఆయనకి చెబితే, తింటున్న అన్నం ఆపి ఎవర్ని కొడతావని అడిగాడు. ఎవర్నీ కొట్టను, ఊరికే నేర్చుకుంటానన్నాను. చెయ్యి కడుక్కొచ్చి, తన ఫోన్లో ఐదింటికి అలారం ఆయనే పెట్టాడు. మా అత్త అయితే అసలు ప్రశ్నలే వెయ్యలేదు. తనూ చూడ్డానికొస్తానని, శాలువా ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

మర్నాడు మంచు ఎంతగా పట్టిందంటే గ్రౌండు ఆ చివర ఉన్న వాలీబాల్ స్తంభాలు కనిపించలేదు. పదిహేనుమంది పిల్లలు ఎత్తు ప్రకారం నిలబడ్డారు. అందరికన్నా చివర నేను. గోడ పక్కన శాలువా కప్పుకుని మా అత్త. మేడం అక్కడ నన్ను అక్కా అనలేదు. గ్రౌండు దాటితేనే అక్క, లోపల మాత్రం నాకూ పిల్లలకీ ఒకటే పిలుపు, 'స్టూడెంట్'.

కరాటేలో అంకెలు జపాన్ భాషలో చెబుతారు. ఇచ్, ని, సాన్, షి అని పిల్లలు అరుస్తుంటే నాకు షి దాకా వచ్చేసరికి ఇచ్ మరిచిపోయేది. మిగి అంటే కుడి, హిదారి అంటే ఎడమ. నాకు తెలుగులోనే కుడి ఎడమలు చప్పున తట్టవు. మేడం హిదారి అనగానే పదిహేనుమందీ ఒకవైపు తిరిగారు, నేను ఇంకోవైపు తిరిగాను. ఎదురుగా ఎనిమిదో తరగతి గుంట ముక్కు నా ముక్కుకి తగిలేంత దగ్గరలో ఉంది. ఆ పిల్లది సీలేరు వైపు ఊరు, సన్నగా వెదురు కొమ్మలా ఉంటుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. మేడం ఇద్దర్నీ గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తమంది. అప్పుడు బయటపడింది అసలు సమస్య. నేను ప్యాంటుకి నాడా ఎక్కించాను గానీ ముడి సరిగ్గా బిగించలేదు. బతుకంతా ముళ్ళు వేసే మనిషిని, రెండో రౌండులో ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చెయ్యి గాల్లో ఊపుకుంటూ పరిగెత్తాను.

ఇంటికొచ్చేసరికి తొడలు కొయ్యబారిపోయాయి. రెండు రోజులు మిషన్ ముందు స్టూలు మీద కూర్చోవాలంటే గోడ పట్టుకుని దిగాల్సి వచ్చింది. కానీ నాకు బాగా గుర్తున్నది ఆ నొప్పి కాదు. ఆ రోజు షాపులో ఊరికే నవ్వొచ్చేది. జాకెట్ కొలతలకి వచ్చినావిడ చేతులు పైకెత్తితే, ఆవిడ గుద్దుని అడ్డుకునే బ్లాక్ పెడుతున్నట్టు కనిపించి నోట్లో టేపు పెట్టుకుని నవ్వాపుకున్నాను. ఏమైందని అడిగిందావిడ. చెప్పలేక నీళ్ళు తాగే వంకతో లోపలికి పోయాను.

నేను మంచి స్టూడెంటుని కాను. ఇది నేను తగ్గించి చెప్పుకోవడం కాదు, ఆ గ్రౌండులో గోడ మీద కూర్చునే కాకులకి కూడా తెలుసు. పిల్లలు ఒక రోజులో పట్టుకున్నది నాకు వారం పట్టేది. అయినా వెళ్ళేదాన్ని. కుడి ఎడమలకి ఒక ఉపాయం కనిపెట్టాను. చొక్కా ఎడమ చేతి అంచు మీద ఎర్ర దారంతో చిన్న పువ్వు కుట్టుకున్నాను. హిదారి అనగానే పువ్వు వైపు తిరగడమే. కాలు ఎత్తడానికి ఇంకో ఉపాయం. వెనక గది గోడ మీద మార్కింగ్ చాక్‌తో గీత గీసి, ఆ గీతకి కాలు తగిలించేదాన్ని. మొదటి గీత నా మోకాలి కంటే కిందే ఉంది. ఒక జాకెట్ పూర్తయితే పది తన్నులు, చుడీదారైతే ఇరవై. పెళ్ళిళ్ళ రోజుల్లో గిరాకీ ఎక్కువై తన్నులు కూడా ఎక్కువయ్యాయి. వారానికోసారి టేపు పెట్టి చూసుకునేదాన్ని. అర అంగుళం పెరిగిందంటే ఆ రోజు మా ఇంట్లో కూరలో ఉప్పు తప్పినా ఎవరూ ఏమనకూడదు.

ఇంక అరుపు సంగతి. గుద్దేటప్పుడు కియాయ్ అని పొట్టలోంచి అరవాలి. నాకు అరుపు రాదు. చిన్నప్పుడు చెల్లెళ్ళనీ తమ్ముణ్ణీ కసరడం కూడా నెమ్మదిగానే కసిరేదాన్ని. మేడం ఎన్నిసార్లు చెప్పినా నా గొంతులోంచి చిన్న తుమ్ములాంటిదే వచ్చేది. గోడ దగ్గర నుంచి రోజూ చూస్తున్న మా అత్తకి అది పరువు తక్కువగా తోచింది. ఒక సాయంత్రం వాన వెలిశాక నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. చిన్నతనంలో తను జొన్నచేలో మంచె మీద కూర్చుని చిలకల్ని తోలేదట. ఆ చుట్టుపక్కల నాలుగు చేలకి తన ఒక్క గొంతు సరిపోయేదట.

"నోటితో కాదే, కడుపులోంచి రావాల. నీ సేలో సిలకలు పడ్డాయనుకో" అని చెప్పి, కొంగు నడుముకి దోపి, రెండు చేతులూ పక్కకి చాచి ఒక్క అరుపు అరిచింది.

డెబ్బయ్యేళ్ళ మనిషి. నా చెవులు గింగురుమన్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. పక్కింటివాళ్ళు పాము వచ్చిందేమోనని కర్రలు పట్టుకుని గోడ మీదనుంచి తొంగి చూశారు. మా ఆయన జీపు కడుగుతున్న బకెట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఏమీ లేదురా, కరాటే అంది మా అత్త. తర్వాత నేను అరిచాను. మొదటిది కుదరలేదు. రెండోదీ కుదరలేదు. మూడో అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. మా అత్త తల ఊపి, ఇంక పర్వాలేదు అని లోపలికి పోయి టీ పెట్టింది.

రోజులన్నీ ఇలాగే నవ్వుతూ గడిచాయంటే అబద్ధం. వానలు ముదిరాక గ్రౌండంతా బురద, పాఠశాల వరండాలో క్లాసు. పిల్లలు జంటలుగా నిలబడి ఒకరు గుద్దితే ఒకరు అడ్డుకోవడం నేర్చుకుంటున్నారు. నాకూ ఆ సీలేరు గుంటకీ జంట. అది గుద్దడానికి చెయ్యి ఎత్తితే చాలు, నాకు కళ్ళు మూసుకుపోయేవి. దెబ్బ తగలదని తెలుసు, నా ముక్కుకి బెత్తెడు దూరంలో ఆపేస్తుందని తెలుసు, అయినా మూసుకుపోయేవి. వారం చూసి మేడం అందర్నీ తర్వాతి పాఠానికి తీసుకెళ్ళింది. నన్ను మాత్రం వరండా చివర గోడకెదురుగా నిలబెట్టి, మొదటి పాఠం మళ్ళీ చెయ్యమంది. ఆవిడ కోపంగా అనలేదు. కానీ పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు ముందుకి పోతుంటే, నేను గోడకి గుద్దులు చూపిస్తూ నిలబడ్డం మనసుకి గుచ్చుకుంది. నా చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు ఆ రోజే కొత్తగా కనిపించాయి.

మర్నాడు అలారం మోగితే ఆపేశాను. ఆ మర్నాడూ అంతే. షాపులో పని ఎక్కువగా ఉందని మా ఆయనకి చెప్పాను. ఆయన నమ్మినట్టు ఉన్నాడు. మా అత్త నమ్మలేదు. నేను రాకపోయినా తను మాత్రం శాలువా కప్పుకుని వెళ్ళి చూసొచ్చేది. వచ్చాక ఎవరెలా చేశారో కూర తరుగుతూ గాలికి చెబుతున్నట్టు చెప్పేది.

ఆరో రోజు మధ్యాహ్నం ఆ సీలేరు గుంట షాపుకొచ్చింది. చేతిలో కరాటే ప్యాంటు, వెనక కుట్టు ఊడి ఉంది. కాలు బాగా పైకి ఎత్తానని, చిరిగిపోయిందని చెప్పింది. కూర్చోమని, అక్కడే కుట్టిచ్చాను. అది ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. ప్యాంటు మడిచి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"టైలరక్కా, నువ్వు రాకపోతే నాకు జంట లేరు. మేడంతో చెయ్యాల్సొత్తంది. ఆవిడ చేతులు రాయిలాగుంటాయి. చూడు."

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి కింద రెండు చోట్ల కమిలింది. నాకు ముందు జాలేసింది, తర్వాత ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నాళ్ళూ నేను ఆ పిల్లల మధ్య అడ్డం పడుతున్నాననుకున్నాను. నాకన్నా మెత్తని చేతులు ఆ గ్రౌండులో ఇంకెవరికీ లేవని, ఈ పిల్లకి అవి కావాలని తెలియదు. నేను కళ్ళు మూసుకుంటాను కదా, నీకు విసుగ్గా ఉండదా అని అడిగాను. నువ్వు మూసుకుంటే నేను నెమ్మదిగా ఆపుతాను, దాంతో నాకు ఆపడం బాగా వచ్చింది, మేడం కూడా మెచ్చుకుంది అని చెప్పి, వానలో పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఐదింటికి అలారం మోగకముందే లేచాను. మేడం నన్ను చూసి వరస వైపు చెయ్యి చూపించింది. వరసలో చివర నా చోటు ఖాళీగానే ఉంది, అక్కడ నిలబడ్డాను. కళ్ళ సంగతికి ఆ గుంటే మందు కనిపెట్టింది. తన పిడికిలి వైపు చూడకుండా తన పళ్ళ వైపు చూడమంది. దాని ముందు పన్ను ఒకటి కొంచెం విరిగి ఉంటుంది. దాన్నే చూస్తూ నిలబడితే గుద్దు వచ్చి ఆగింది, నా కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను గట్టిగా కేకేశాను. అది కియాయ్ కాదు, సంతోషం. ఇద్దరం మళ్ళీ రెండు రౌండ్లు పరిగెత్తాం.

దసరా సెలవులకి ముందు, తెల్ల బెల్టు తర్వాత వచ్చే పసుపు బెల్టుకి పరీక్ష పెట్టారు. విశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పరీక్షలో ముఖ్యమైనది కటా. ఎదురుగా ఎవరూ లేకపోయినా నాలుగు వైపులనుంచీ మనుషులు మీదికొస్తున్నారనుకుని, వరసగా అడ్డుకోవడం, కొట్టడం, తిరగడం. నేను రాత్రీ పగలూ అదే చేశాను. కుక్కర్ ముందు చేశాను, బట్టలారేస్తూ చేశాను. బాగా వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. పరీక్షకి కదా, టైలరై ఉండి నైటీ మీద సరిపోయిన ఈ వదులు డ్రెస్సేమిటని, నా కొలతలకి కొత్తది కుట్టుకున్నాను. భుజం దగ్గర మడత లేకుండా అంత బాగా వచ్చింది. దాని చేతికి ఎర్ర పువ్వు కుట్టడం మాత్రం మరిచిపోయాను.

కటా సగం దాకా అద్భుతంగా సాగింది. ఒక మలుపు దగ్గర చేతి వైపు చూశాను. తెల్లగా ఉంది. రెండో చెయ్యి చూశాను. అదీ తెల్లగానే ఉంది. ఏదో ఒకవైపు తిరగాలి కాబట్టి తిరిగాను, మిగిలినదంతా ఆగకుండా చేశాను, చివర్లో మా అత్త నేర్పిన అరుపు అరిచాను, పద్ధతిగా వంగి నమస్కారం పెట్టాను. తల ఎత్తి చూస్తే నా ఎదురుగా పాఠశాల నీళ్ళ టాంకీ ఉంది. పరీక్ష పెట్టే పెద్దాయన, మేడం, పిల్లలు అందరూ నా వీపు వైపు ఉన్నారు.

పదిహేనుమందీ పాసయ్యారు. నేను తప్పాను. మేడం నా దగ్గరకొచ్చి, ఒక్క దిక్కు తప్ప ఏదీ తప్పు చెయ్యలేదని, అన్ని దెబ్బలూ సరిగ్గా పడ్డాయని, కాకపోతే అన్నీ టాంకీకి పడ్డాయని చెప్పింది. ఆవిడ నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపొస్తుందనుకున్నాను. మా అత్త నా పక్కనే మెల్లగా నడుస్తోంది. కొంత దూరం వెళ్ళాక అంది:

"టాంకీకి బాగా మొక్కావే. ఈ ఏడు వీధికి నీళ్ళకి లోటుండదు."

నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. కల్వర్టు గట్టు మీద కూలబడ్డాను. మా అత్త కూడా కూర్చుంది. ఆవిడ శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే భుజాలు కదులుతున్నాయి. దారిన పోతున్న ఆటో అతను ఆగి, ఏదైనా సహాయం కావాలా అని అడిగాడు. వద్దని చెయ్యి ఊపడానికి కూడా నాకు ఓపిక లేదు. సాయంత్రం మా ఆయన కబురు విని, టాంకీకి దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడు. మళ్ళీ మా నవ్వులు మొదలు.

మళ్ళీ పరీక్ష చలికాలంలో వచ్చింది. వలిసె పూలు విరగబూసి, టూరిస్టులతో రోడ్లు నిండిపోయి, మా ఆయన ఇంట్లో కనిపించని రోజులు. ఈసారి పరీక్షకి నేనొక్కదాన్నే. పిల్లలు తర్వాతి బెల్టుకి పోయారు. ఎడమ చేతికి ఎర్ర పువ్వు కొంచెం పెద్దదే కుట్టుకున్నాను, నాకేం సిగ్గులేదు. పెద్దాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఈసారి వంగి తల ఎత్తేసరికి ఎదురుగా ఆయనే ఉన్నాడు. ఆయన పసుపు బెల్టు నా చేతిలో పెట్టగానే పిల్లలంతా వచ్చి మీద పడ్డారు. నేను కింద పడ్డాను, ఆ సీలేరు గుంట నా మీద పడింది. మేడం ఎవర్నీ పరిగెత్తించలేదు.

ఆ శుక్రవారం సంతకి వెళ్ళేసరికి కబురు నాకన్నా ముందే అక్కడ ఉంది. అక్కడ కూర్చునే ఆడవాళ్ళలో సగంమందికి జాకెట్లు కుట్టేది నేనే. పసుపు కొమ్ములమ్మే ఆవిడ నన్ను ఆపి, అదేదో ఒకసారి చేసి చూపించమంది. నేను వద్దంటున్నట్టు నిలబడ్డాను గానీ, చేతిలో సంచీ అప్పటికే కింద పెట్టేశాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పసుపు రాశికీ అడ్డాకుల కట్టలకీ మధ్య ఉన్న కాస్త చోటులో కటా మొదలుపెట్టాను. చివరి అరుపుకి, బుట్టలో ఉన్న కోళ్ళు మూత తోసుకుని ఎగిరాయి. ఒక మేకపిల్ల తాడు తెంపుకుని ఉల్లిపాయల మీదుగా పోయింది. జనం పక్కకి జరిగి చప్పట్లు కొట్టారు. కొండచీపుర్లు అమ్మే ముసలావిడ, ముక్కుకి మూడు ముక్కెరలున్నావిడ, లేచి నిలబడి నేను చేసినట్టే పిడికిలి బిగించి గాల్లోకి ఒక్క గుద్దు గుద్దింది. ఆవిడ గుద్దు నా గుద్దు కన్నా తిన్నగా పోయింది. ఇంకో నలుగురు లేచారు. కాసేపట్లో సంతలో ఆరుగురం వరసగా నిలబడి ఇచ్, ని, సాన్, షి అంటున్నాం.

తల తిప్పితే మేడం కనిపించింది. టమాటాల సంచీ పట్టుకుని, చప్పుడు లేకుండా ఎప్పుడొచ్చిందో ఏమో, అక్కడ నిలబడి చూస్తోంది.

మర్నాడు పొద్దున్న నాకు యాభై గుంజీలు పడ్డాయి. సంతలో చేసినందుకు కాదు, చీరలో చేసినందుకూ కాదు. మొదలుపెట్టేముందు వంగి నమస్కారం పెట్టనందుకు. పిల్లలు చుట్టూ చేరి గట్టిగా లెక్కపెట్టారు. ముప్పై ఏడు దగ్గర ఎవరికో నవ్వొచ్చి లెక్క తప్పింది, మళ్ళీ ముప్పై నుంచి మొదలుపెట్టారు. నేనూ వాళ్ళతో కలిసి గట్టిగా లెక్కపెట్టాను.